మగ్గం గుంటలో పైపు

ఆ పొద్దున మగ్గం గుంటలోకి కాళ్లు దించగానే అమూల్య అరికాళ్లకు చల్లగా నీళ్లు తగిలాయి. రెండు వేళ్ల లోతుంటాయేమో. పిల్లి ఏదో చెంబు దొర్లించిందనుకుని వంగి చూసింది. చెంబూ లేదు, పిల్లీ లేదు. గుంట మూలన, మగ్గం గుంజకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందులో, వీధి నుంచి వచ్చే ప్లాస్టిక్ నల్లా పైపు పైకి పోతుంది. నేల మీద జానెడు ఎత్తులో దానికి ఒక జాయింటు ఉంది. ఆ జాయింటు దగ్గర ఏదో బొద్దుగా, ఎర్రగా కనబడింది. చేయి పెట్టి తడిమింది. దారం. పట్టు దారం, ఒకదాని పక్కన ఒకటి పొందికగా, పోగు మీద పోగు ఎక్కకుండా, మైనం పూసి చుట్టిన చుట్టు. అట్లా చుట్టగలిగే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

తల ఎత్తి చూసేసరికి మామ శంకరయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దొంగతనం బయటపడ్డ వాడిలా నిలబడ్డాడు పాపం, డెబ్బై ఏళ్ల మనిషి.

"ఏంది మామా గిది?" అంది అమూల్య.

ఆయన గడప మీద కూర్చున్నాడు, భుజం మీది తువ్వాల తీసి మళ్లీ వేసుకున్నాడు. ఉగాది ముందు నుంచే కారుతోందని, అప్పుడు చుట్టానని, నిలబడిందని, ఇప్పుడే జర వదులైనట్టుందని మెల్లగా చెప్పాడు. ఉగాది పోయి ఆరు నెలలైంది. లోకంలో ఎవడైనా పైపు కారితే ప్లంబరును పిలుస్తాడు, లేదా కొట్టుకు పోయి టేపు తెచ్చుకుంటాడు. నేతగాడు మాత్రం దారం చుడతాడు. తెగినదేదైనా దారంతో అతుకుతుందని వాళ్లకు పుట్టుకతోనే ఒక నమ్మకం.

గద్వాలలో వాళ్లుండే వీధికి దినం తప్పించి దినం నల్లా నీళ్లొస్తాయి. పదకొండింటికి మొదలై గంటసేపు జోరుగా వస్తాయి. రాని వేళల్లో వీధి లైను ఖాళీ, పైపూ ఖాళీ. గుంటలో ఉన్నవి మొన్న కారిన నీళ్లు; మొన్న మధ్యాహ్నం నుంచి ఆమె మగ్గం ఎక్కలేదు. ఇంటి బయట ఒకప్పుడు వాల్వు ఉండేది. సీసీ రోడ్డు వేసినప్పుడు అది సిమెంటు కింద పడిపోయింది. కట్టేద్దామంటే ఇంటికి ఇంకో వాల్వు లేదు. ఇవాళ నీళ్లొచ్చే దినం. గోడ గడియారంలో అప్పుడు తొమ్మిది దాటి పది నిమిషాలు.

మగ్గం మీద చీర ఉంది. పన్నెండు రోజుల నేత. పాల మీగడ రంగు నూలు ఒళ్లు, కుంకుమ రంగు పట్టు అంచు, అంచులో జరీ పువ్వు. కొంగు ఇంకా మిగిలింది. ఆ అంచు రంగు తడి తగిలితే ఊరుకోదు, తెల్ల నూలు మీదికి దిగుతుంది. దిగిందంటే ఆ చీరను ఎవరూ చేత్తో కూడా ముట్టరు. పైన కవరు కప్పుదామా అంటే, నీళ్లు పైనుంచి రావు. కింద నుంచి చిమ్ముతాయి, నేసిన గుడ్డ అడుగుకే పోయి కొడతాయి.

చీర సంగతి ఒక ఎత్తు. అమూల్యను కుదిపేసింది అది కాదు. ప్లంబరును పిలిస్తే ఏమంటాడో ఆమెకు తెలుసు. మగ్గం లేపమంటాడు. ఆ వీధిలో మగ్గం ఒకసారి లేచిందంటే మళ్లీ గుంటలోకి దిగదు. ఎదురింటి జోగులమ్మ వాళ్లు నేలకు బండలు వేయించేటందుకు రెండు దినాలని లేపారు. ఇప్పుడు ఆ గుంట మీద ఫ్రిజ్ ఉంది. లేపేటప్పుడు ఎవరూ తీసేస్తామని అనరు. రెండు దినాలే అంటారు.

అమూల్య అచ్చంపేట పిల్ల. కులం మగ్గానిదే గాని ఆమె తాతల నాడే నేత మానేసి బట్టల కొట్టు పెట్టుకున్నారు. పెళ్లై వచ్చిన కొత్తలో పోగును అటూ ఇటూ నడిపే నాడె పట్టుకోవడం కూడా తెలియదు. మామే నేర్పాడు, తిట్టకుండా, అయిదేళ్లు. ఇది ఆయన దిద్దకుండా మొదటి పోగు నుంచి తాను ఒక్కతే నేస్తున్న మొదటి చీర. ఆయన పక్కన కూర్చుని అంచు నాడె అందిస్తాడంతే. ఆ గుంటలో కూర్చున్నప్పుడు తప్ప తాను ఆ ఇంటి మనిషినని ఆమెకు ఎక్కడా అనిపించేది కాదు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా అనిపించేది కాదు.

భర్త జగదీశ్ విత్తనాల గోదాములో పని చేస్తాడు. స్నానం చేసి వచ్చి గుంటలోకి తొంగి చూశాడు, ఎర్ర దారం చూశాడు, తండ్రి మొహం చూశాడు. చెడ్డవాడేం కాదు. ఇరవై ఏళ్లు ఆ గుంటలో తండ్రి నడుం వంగిపోవడం, కళ్లు మసకబారడం దగ్గరుండి చూసినవాడు. ఆ చూసింది కడుపులో పెట్టుకుని మగ్గం మీద కోపంగా మార్చుకున్నాడు. ప్లంబరు వెంకట్రాములుకు ఫోన్ చేశాడు, తర్వాత నీళ్లు వదిలే మనిషికి చేశాడు. ఆ మనిషి ఫోన్ ఎత్తలేదు. ఎత్తినా ఒక్క ఇంటి కోసం వార్డుకంతా నీళ్లు ఆపుతాడా ఎవడైనా?

వెంకట్రాములు పది కావస్తుండగా వచ్చాడు. పనిమంతుడే, కాని మనిషి భారీ. మగ్గం పక్కన మోకాళ్ల మీద కూర్చుని సందులోకి చేయి పెట్టబోతే మోచేతి దగ్గరే ఇరుక్కుంది. రంపం చట్రం సందులోకి పట్టలేదు. పైపు కత్తిరించే కత్తెర నోరు తెరవడానికి చోటు లేదు. చట్రం విప్పి ఉత్త బ్లేడు పట్టుకుని చూశాడు. ఒక వేలు మేర ముందుకు పోతే గోడ, వెనక్కి లాగితే గుంజ. పైగా ఒక్కో కుదుపుకు ఎర్ర దారం చుట్టు కింద జాయింటు కిర్రుమంటోంది. గుంటలోకి దిగి కింద నుంచి అందుకుందామంటే ఆయన భుజాలు నేసిన చీర కిందికి దూరవు. బ్లేడు కింద పెట్టి చెమట తుడుచుకున్నాడు.

"జాయింటు కింద కోసి మూత పెట్టాలె. గదే దారి. మగ్గం లేపితే పావుగంట పని," అన్నాడు.

జగదీశ్ ఇంకేమీ వినదలచుకోలేదు. మగ్గానికి కట్టిన పడుగు పోగులు కోసేయమన్నాడు, నేసినంత వరకు చీర దక్కుతుందన్నాడు, పని కాగానే రెండు దినాల్లో మళ్లీ నిలబెడదామన్నాడు. మగ్గం లేపడానికి ఇద్దరు మనుషులను తీసుకొస్తానని బండి తీశాడు. రెండు దినాలన్న మాట వినగానే శంకరయ్య గడప మీంచి లేచాడు. కొడుకు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. బండి చప్పుడు వీధి చివర మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే ఉన్నాడు.

తర్వాత మెల్లగా గుంట అంచున కూర్చున్నాడు. కోడలిని లేచి పొమ్మన్నాడు. నీళ్లొస్తే తాను చూసుకుంటానన్నాడు.

"ఎట్ల చూసుకుంటవు మామా?"

"ఎప్పుడూ చూసుకునేటట్లే. చేత్తో పట్టుకుంట."

అమూల్యకు అప్పుడు అర్థమైంది. నీళ్లొచ్చే దినాల్లో పదకొండు కాగానే, నువ్వు పోయి తిను బిడ్డా, నేను కాసేపు నేస్తానని మామ ఆమెను లేపి పంపేవాడు. గంట తర్వాత ఆమె వచ్చి చూస్తే చీర ఒక్క పోగు కూడా ముందుకు కదిలేది కాదు. చూపు ఆనక నేయలేకపోతున్నాడు, ఒప్పుకోలేక కూర్చుంటున్నాడు అనుకునేది. మనసు చివుక్కుమన్నా పైకి ఏమీ అనేది కాదు. ఆరు నెలలుగా ఆయన ఆ గంటసేపూ వంగి, సందులోకి చేయి పెట్టి, ఆ జాయింటును పిడికిట్లో బిగించి పట్టుకుని కూర్చున్నాడు. మగ్గం లేపుతారన్న ఒక్క భయంతో. ఏడవడానికి అది వేళ కాదు. గడియారం పది ఇరవై చూపిస్తోంది.

గుంటలోకి దిగింది. నీళ్లలో చతికిలబడి, తల వంచి చీర కిందికి దూరింది. నెత్తికి నాలుగు వేళ్ల పైన మీగడ రంగు గుడ్డ బిగువుగా నిలబడి ఉంది. అక్కడి నుంచి రెండు చేతులూ సందులోకి అందుతున్నాయి, కాని బ్లేడు ఆడించే చోటు ఆమెకూ లేదు. ఏం చేయాలో తోచక కాలి పక్కనున్న తొక్కుడు చెక్కల వైపు చూసింది. ఆ చెక్కలకు కట్టిన నైలాన్ తాడు ఒరుసుకోకుండా పోయిన ఏడాది మామ ఒక చిన్న పైపు ముక్క తొడిగాడు. ఆ ముక్క సగం దాకా తెగి ఉంది. రోజుకు ఇన్ని వేల సార్లు తొక్కగా తొక్కగా, సన్నని తాడు దాన్ని కత్తిపెట్టి కోసినంత నున్నగా కోసేసింది.

ఈ పైపును తాడుతో కోయొచ్చా అని వెంకట్రాములును అడిగింది. ఆయన ముందు నవ్వబోయాడు, తర్వాత ఆ తెగిన ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తాడు రెండు కొసలూ మన దిక్కే ఉంటాయి, రంపానికి కావలసిన చోటు దీనికి అక్కర్లేదు, కోయొచ్చు చెల్లె అన్నాడు.

శంకరయ్య గూట్లోంచి సన్న నైలాన్ దారం కండె తెచ్చి మూర పొడవు రెండు ముక్కలు తెంపాడు. దారాన్ని పైపు వెనక నుంచి తిప్పడమే పెద్ద పనైంది. పైపుకూ గోడకూ మధ్య వేలు దూరదు. అచ్చులోంచి పోగులు లాగే కొక్కెంతో, మూడోసారికి, దారం కొస అటు నుంచి ఇటు వచ్చింది. కొసలు రెండూ చేతులకు చుట్టుకుని, కుడి, ఎడమ, కుడి, ఎడమ లాగడం మొదలుపెట్టింది. చేతులకు తెలిసిన లయే గనక తడబడలేదు.

దారం పీచు లేస్తోందనిపించింది. వెంటనే ఆమె ఏం చేసిందంటే, అయిదేళ్లుగా రోజూ చేసేదే చేసింది. గుంటలో నీళ్లలో వేళ్లు ముంచి దారాన్ని తడిపింది. నూలు పోగు పీచు లేస్తే తడి చేయి రాయాలి, తడి పోగు తెగదు, అది ఆ ఇంట్లో మొదటి పాఠం. ఆమె తడిపింది, లాగింది, మళ్లీ తడిపింది. శంకరయ్య పైనుంచి, ఇంకో చుక్క రాయి బిడ్డా అని తానూ ఒక మాట కలిపాడు. దారం తెగలేదు. సబ్బు మీద నడిచినట్టు జారిపోతూనే ఉంది. పది నిమిషాలు అట్లా లాగాక భుజాలు మండిపోయాయి. వేలుతో తడిమి చూస్తే పైపు మీద గోటి గీత పాటి గీత కూడా పడలేదు.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. వెంకట్రాములు బోర్లా పడుకుని రెండు వేళ్లు ఎట్లాగో సందులోకి పెట్టి పైపును ముట్టుకున్నాడు.

"సల్లగ ఉంది చెల్లె. కోసేది దారం కాదు, దాని వేడి. నువ్వేమో నీళ్లు పోసి సల్లారుస్తున్నవు."

మామా కోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక నేర్చిన విద్యంతా ఒక్కసారి ఎదురు తిరిగినట్టైంది ముసలాయనకు. తువ్వాల అందించాడు. అమూల్య చేతులు తుడుచుకుంది, పైపు చుట్టూ తుడిచింది, ఎర్ర దారం చుట్టు నుంచి తడి దిగకుండా పైన గుడ్డ పేలిక బిగించి కట్టింది. రెండో ముక్క, పొడిది, కొక్కెంతో వెనక నుంచి తిప్పుకుంది. ఈసారి ఒక్కసారికే వచ్చింది. గడియారం పదీ నలభై.

లాగింది. పొడి దారం కీచుమని చప్పుడు చేసింది. పది లాగుళ్లకు కాలిన ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగిలింది. ఆ కంపు అంత హాయిగా ఉంటుందని ఎవరు అనుకుంటారు? తెల్లని పొడి సన్నగా రాలి నీళ్ల మీద తేలుతోంది. ఆపితే సల్లారుతుంది ఆపకు అని వెంకట్రాములు, జర నిదానం బిడ్డా అని శంకరయ్య, ఇద్దరూ రెండు దిక్కుల నుంచి చెబుతున్నారు. ఆమె ఇద్దరి మాటా చెవిన వేసుకోలేదు. దారం చూపుడు వేళ్ల మడతల్లోకి దిగుతోంది. మొదట మంటగా ఉంది, తర్వాత ఏమీ తెలియలేదు.

సగం తెగింది. సగం మీద ఇంకొంచెం తెగింది. అప్పుడు పైపులోంచి బుస్సుమని గాలి వచ్చి ఆమె మణికట్టుకు తగిలింది.

వెంకట్రాములు గడియారం వైపు చూశాడు. నీళ్లు వదిలారు. పదకొండు కాలేదు, పది యాభై అయిదే. ఎప్పుడూ ఆలస్యంగా వదిలే మనిషి ఇవాళే ముందుగా వదలాలా? వీధి మొదట ఆడవాళ్లు బిందెలు దింపుకుంటున్న చప్పుడు వినబడుతోంది. వీధిలో నీళ్లు ఎక్కుతుంటే వాటి ముందు గాలి తోసుకుని వస్తుంది. గాలి వెనకనే నీళ్లుంటాయి. తెగిన చోటు చీర దిక్కే తెరుచుకుని ఉంది. ఇప్పుడు ఆపితే మొదటి కంటే ఎక్కువ చేటు. ఆపడానికి లేదు.

మూతకు లోపల అతికించే సొల్యూషన్ పూసి పట్టుకోమని అమూల్య అరిచింది. ఆ పొద్దున ఆమె గొంతు పెంచింది అప్పుడొక్కసారే. కళ్లు మూసుకుని, దవడ బిగించి, ఒళ్లంతా దారం మీదికి తెచ్చి లాగింది. గాలి బుస పెద్దదవుతోంది. గురగుర చప్పుడు గోడలోంచి దగ్గరవుతోంది. పైపు పుటుక్కుమని ఊడి, పై ముక్క పక్కకు జరిగింది. వెంకట్రాములు మూత ఆమె చేతిలో పెట్టాడు. పేలికతో ఒక్క తుడుపు తుడిచి, మూత కొసకు తొడిగి, సగం తిప్పుతూ బొటనవేళ్లతో కిందికి నొక్కింది.

నీళ్లు వచ్చి కొట్టాయి. మూత కింద బతికున్న జీవమేదో తలతో పొడిచినట్టు అదిరింది. అంచు చుట్టూ నాలుగు చుక్కలు పుట్టాయి. సొల్యూషన్ ఆరడానికి ఎంత లేదన్నా అరగంట కావాలని వెంకట్రాములు చెప్పాడు. శంకరయ్య నడుం నొప్పి సంగతి మరిచిపోయి గుంటలోకి దిగాడు. కోడలి చేతుల మీద తన అరచేయి పెట్టి నొక్కాడు.

"నువ్వు జరుగు బిడ్డా. నాకు అలవాటే," అన్నాడు.

ఆమె జరగలేదు. ఇద్దరూ అట్లాగే నీళ్లలో కూర్చున్నారు. నాలుగు చుక్కలు రెండయ్యాయి, కాసేపటికి ఒకటైంది, ఆ ఒక్కటీ రాలకుండా అక్కడే నిలిచిపోయింది. ఆమె తల ఎత్తి చీర అడుగు చూసింది. ఎక్కడా తడి లేదు.

జగదీశ్ ఇద్దరు మనుషులతో వచ్చేసరికి తండ్రీ భార్యా ఇంకా గుంటలోనే ఉన్నారు. జరిగింది వెంకట్రాములు చెప్పాడు. అందులో తన తెలివి కొంచెం కలిపి చెప్పాడు, అది ఆయన వృత్తి ధర్మం. వీధి నుంచి కొత్త లైను గోడ బయట నుంచే పైకి ఎక్కిస్తే మగ్గం జోలికి పోయే పనే లేదని కూడా చెప్పాడు. జగదీశ్ వింటున్నాడో లేదో తెలియలేదు. పై పైపు నుంచి వెంకట్రాములు ఊడలాగిన జాయింటు ముక్క గట్టు మీద పడి ఉంది. దాన్ని తీసుకుని ఎర్ర దారం చుట్టు మీద వేలు నడిపించాడు. ఒక్క పోగు కూడా ఇంకో దాని మీదికి ఎక్కలేదు.

"ఆరు నెల్లు నాకెందుకు చెప్పలే నాయినా?"

శంకరయ్య తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"చెప్తే తీసేస్తవని. నీకు భయపడ్డ."

ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో, వినడానికి జగదీశ్‌కు అంతకంటే ఎక్కువే అయింది. తండ్రి తనకు భయపడడం అతను ఎన్నడూ ఊహించని సంగతి. వచ్చిన ఇద్దరూ గుమ్మంలో ఇబ్బందిగా నిలబడ్డారు. వాళ్లకు చాయ్ తాగి పొమ్మని చెప్పి పంపేశాడు. గుంట అంచున కూర్చుని, ముందు తండ్రి రెక్క పట్టి పైకి లేపాడు, తర్వాత అమూల్యకు చెయ్యి ఇచ్చాడు.

ఆమె చెయ్యి ఇవ్వలేదు. రెండు చూపుడు వేళ్లూ మడతల దగ్గర తెగి నెత్తురు కారుతోంది. వాటిని ఒంటికి దూరంగా, చీరకు ఇంకా దూరంగా పట్టుకుని ఉంది. కొంగు మిగిలింది, సాయంత్రం వేళ్లకు గుడ్డ చుట్టుకుని కూర్చుంటానని చెబుతోంది, గబగబా చెబుతోంది. ఖాళీగా కనబడితే మగ్గాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు ఉంది ఆ తొందర.

జగదీశ్ ఆమె మణికట్లు పట్టి లేపి, వేళ్లు తిప్పి చూశాడు.

"వారం దినాలు చీర ముట్టకు," అన్నాడు. "మగ్గం యాడికి పోదు."

శంకరయ్య తడి పంచెతోనే గడప మీద కూర్చున్నాడు. ఆ మాట ఆయనకు స్పష్టంగానే వినబడింది. అయినా కొడుకు ఏమన్నాడని కోడలిని అడిగాడు.